ఏనుగులకి తేనెటీగల కంచె... ఎవరైనా పెట్టి చూశారా?

మాది పలమనేరు దగ్గర, కౌండిన్య అడవిని ఆనుకునే చేను. రాత్రయితే ఏనుగులొచ్చి చెరుకు, అరటి తొక్కేసి పోతున్నాయి, టపాసులు, డప్పులు అన్నిటికీ అలవాటు పడిపోయాయి. కెన్యాలో లూసీ కింగ్ అనే ఆమె ఏనుగులు తేనెటీగలకి భయపడతాయని గమనించి పొలం చుట్టూ తీగలకి తేనె పెట్టెలు వేలాడదీయించిందంట, ఏనుగు తీగ తాకితే పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. 2021లో కొడగులో ఖాదీ కమిషన్ వాళ్ళు కూడా మొదలుపెట్టారు. నా డౌటేంటంటే, మన తొర్ర తేనెటీగలు ఆఫ్రికా వాటంత కోపిష్టివి కావు కదా, పైగా ఏనుగులొచ్చేది రాత్రిళ్ళు, అప్పుడు ఈగలు లేస్తాయా? పక్క చేలో టమాటాకి మందు కొడితే చచ్చిపోవా? కరెంటు తీగ సలహా మాత్రం ఇవ్వకండి, ఏనుగుల్ని చంపుకునే ఉద్దేశం లేదు. పెట్టినవాళ్ళుంటే పెట్టెకి పెట్టెకి ఎంత దూరం పెట్టారో కూడా చెప్పండి ప్లీజ్.