జిప్సీ పినియన్ నట్టు ఇంట్లో విప్పాలంటే గ్యాస్ మంట పెట్టాలా, వద్దా?

జిప్సీ_భీమిలి
మాది 1999 మారుతీ జిప్సీ, 1.3 ఇంజిన్. వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల డబ్బా) ముందువైపు నుంచి ఆయిల్ కారుతోంది, పినియన్ (దాని ముందుండే చిన్న గేరు) సీల్ పోయింది. సీల్ మార్చాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ బలం వెనక్కి తెచ్చే పొడవాటి గొట్టం) దించి, అది బిగించే పళ్లెం, అంటే ఫ్లాంజ్ మధ్యలో ఉన్న పెద్ద నట్టు విప్పాలి. షాఫ్ట్ బోల్టులు నాలుగూ రెండు రాత్రులు నూనె పట్టించాక వచ్చాయి. మధ్య నట్టు మాత్రం ఇంచు కూడా కదల్లేదు. మా ఇల్లు సముద్రానికి దగ్గర, బండి కింద అంతా ఉప్పుగాలి తుప్పే. అర అంగుళం రాడ్డుకు నాలుగడుగుల పైపు తొడిగి లాగితే సాకెట్ పగిలింది. ఇక్కడి మెకానిక్ గ్యాస్‌తో ఎర్రగా కాల్చి విప్పేద్దాం అంటున్నాడు. డిఫరెన్షియల్ దగ్గర మంట అంటే నాకు టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

గాజువాక_పానా
వేడి పెట్టండి, కానీ ఎర్రగా కాల్చనివ్వొద్దు. 20 మిల్లీమీటర్ల మర ఉన్న నట్టు 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.05 మిల్లీమీటర్లు వ్యాకోచిస్తుంది. వినడానికి తక్కువే అయినా, మరల మధ్య తుప్పు పట్టు వదలడానికి అది చాలు. ఎవరైనా ముందు త్రెడ్ లాక్ జిగురు వేసి ఉంటే, గట్టి రకం సుమారు 250 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అప్పుడు వేడి తప్ప వేరే దారి లేదు.

మంట నట్టు మీదే తిరగాలి, పినియన్ షాఫ్ట్ మీద కాదు. ముందు చల్లిన నూనె, స్ప్రే పూర్తిగా తుడిచేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట అసలు పెట్టొద్దు, వచ్చే పొగ ప్రాణాంతకం. పక్కన బకెట్ ఇసుక ఉండాలి.

వేడి లేకుండా మొండిగా లాగితే పినియన్ మర ఊడుతుంది. అది ఊడితే క్రౌన్ వీల్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్ జతగా మార్చాలి. ఆ రెండూ జతగా సరిపెట్టి వచ్చేవి, ఒక్కటే కొని వేస్తే అరుస్తుంది. కాసేపటి మంటకు భయపడి ఆ ఖర్చు నెత్తిన పెట్టుకోవద్దు.

లోయరేంజ్_రాము
అన్నా, సీల్ ఎలాగూ మారుతుంది కాబట్టి అది కాలినా ఫర్వాలేదు. నాకు భయం దాని వెనక ఉన్న బేరింగుతో. మామూలు బేరింగు ఉక్కు 200 డిగ్రీలు దాటితే గట్టిదనం పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది. గ్యాస్ కటింగ్ మంట చేతిలో ఉన్నప్పుడు ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు.

భీమిలి తమ్ముడూ, నీ నట్టు ఎందుకు కదల్లేదో చెప్తాను. నువ్వు ఫ్లాంజ్‌ను పట్టి ఉంచలేదు. చక్రాలు నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి లాగి ఉంటావు. 70 కిలోల మనిషి మీటరు పైపు చివర బరువంతా వేస్తే దాదాపు 690 న్యూటన్ మీటర్లు. అలా లాగినప్పుడు ముందు ఏం జరిగిందో తెలుసా? ఆకు స్ప్రింగులు మెలి తిరిగాయి, టైర్లు నలిగాయి, గేర్ల మధ్య సందు తిరిగింది. నట్టుకు చేరే బలం నెమ్మదిగా, రబ్బరు సాగినట్టు చేరుతుంది. మొండి నట్టు అలాంటి లాగుడికి రాదు, ఒక్క కుదుపు కావాలి.

రెండు బోల్టులతో ఫ్లాంజ్‌కు బిగించేలా మందపాటి ఇనప పట్టీకి రంధ్రాలు వేయించు. దాని చివర నేలకో, గట్టి చెక్క దిమ్మకో ఆనాలి. ఆరు మూలల సాకెట్ తీసుకో, పన్నెండు మూలలది నట్టు మూలలు తినేస్తుంది. అన్నిటికంటే ముందు నట్టు అంచును బల్బు పెట్టి చూడు. అంచును పంచ్‌తో కొట్టి పినియన్ షాఫ్ట్ గాడిలోకి వంచి ఉంటారు, అది తిరగకుండా పెట్టే తాళం. దాన్ని సన్న ఉలితో పైకి లేపకుండా ఎంత లాగినా మర చెక్కుకుపోతుంది.

ఇంకో మాట. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ దించాక నీ బండి గేర్‌లో ఉన్నా ఆ గేరు వెనక చక్రాలను పట్టి ఉంచదు. నాలుగు చక్రాలకూ అడ్డు రాళ్లు పెట్టు, జాకీ మీద కాదు, స్టాండ్ల మీద నిలుపు. పాత విల్లీస్ తరహా మహీంద్రా జీపుల్లో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు బలం పంచే గేరుపెట్టె) వెనకే ఉంటుంది. అక్కడ షాఫ్ట్ దించితే బ్రేక్ కూడా పోయినట్టే.

మిచిగాన్_చెరోకీ
ఇక్కడ శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, భీమిలి గాలి కంటే ఘోరం. నా దగ్గర పాత జీప్ చెరోకీ ఉంది. దాని ముందు హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) నట్టు 36 మిల్లీమీటర్లది, బిగింపు 237 న్యూటన్ మీటర్లు. నేను పైపుతోనే మొదలుపెట్టాను. పైపు జారి భుజం నేలకు గుద్దుకుంది, మూడు వారాలు చెయ్యి పైకెత్తలేకపోయాను. అప్పటి నుంచి బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ తప్ప వాడను. సుత్తి దెబ్బల్లా కొడుతుంది కాబట్టి ఫ్లాంజ్ పట్టుకోవాల్సిన పని కూడా తగ్గుతుంది. రాము గారూ, పైపు అందరికీ సలహా ఇచ్చే పనిముట్టు కాదు.

హబ్ వెనక మూడు బోల్టులకు మాత్రం చివరికి వేడే గతి అయింది. కానీ అక్కడ బేరింగు పాతది, పారేసేది. పినియన్ దగ్గర నేనూ మంట పెట్టను.

లోయరేంజ్_రాము
విప్పడానికి ఇంపాక్ట్ సరే, ఒప్పుకుంటాను. బిగించడానికి మాత్రం చచ్చినా వాడొద్దు. పినియన్‌కు ఉన్న రెండు బేరింగుల మధ్య నలిగే గొట్టం ఉంటుంది. నట్టు ఎంత బిగిస్తే అంత నలిగి బేరింగుల ఒత్తిడి నిలుస్తుంది. ఇంపాక్ట్‌తో పావు చుట్టు ఎక్కువైతే గొట్టం తిరిగి సాగదు, బేరింగు కాలిపోతుంది. విప్పే ముందే నట్టు, పినియన్ షాఫ్ట్, ఫ్లాంజ్ మూడింటి మీదా ఒక గీత గీయాలి, పైకి కనిపించే మర చుట్లు లెక్కపెట్టాలి. గొట్టం కొత్తది వేస్తే ఈ గీతతో పని లేదు, తిప్పే బిగువు కొలిచి బిగించాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

గాజువాక_పానా
అంచు లేపడం గురించి నేను ముందే చెప్పాల్సింది, రాము మాట సరైనది. మంట విషయంలో మాత్రం నా మాట మార్చను. సముద్రం పక్కన పాతికేళ్లు తిరిగిన నట్టు ఇంపాక్ట్‌కు రాకపోతే అప్పుడేం చేస్తారు? చిన్న వేడిగాలి బ్లోయర్, లేదా చేతి టార్చ్ ఒక నిమిషం. అంతే.

జిప్సీ_భీమిలి
నిన్న సాయంత్రం వచ్చింది. మంట పెట్టలేదు.

నట్టు కడిగి బల్బు పెట్టి చూస్తే రెండు చోట్ల అంచు వంచి ఉంది. ఒకటి నేను ముందే చూశాను, రెండోది బురద, తుప్పు కలిసి గట్టిపడి కనిపించలేదు. రెండూ లేపి, ఇనప పట్టీ ఫ్లాంజ్‌కు బిగించి, అద్దెకు తెచ్చిన ఇంపాక్ట్ పెట్టాను. మొదటి పది సెకన్లు ఏమీ లేదు, తర్వాత ఎర్ర పొడి రాలి నట్టు కదిలింది. విప్పే ముందే గీత గీశాను, చుట్లు లెక్కపెట్టాను. కొత్త నట్టు తెచ్చి పెట్టుకున్నాను.

ఇంకో సంగతి బయటపడింది. యాక్సిల్ మీద గాలి వదిలే మూత మట్టితో మూసుకుపోయి ఉంది. లోపల ఒత్తిడి పెరిగి సీల్‌ను తోసిందని అనుకుంటున్నా. ఫ్లాంజ్ మీద సీల్ పెదవి రాసుకునే చోట గోరు తగిలేంత గాడి పడింది. కొత్త సీల్ వేసినా అక్కడే మళ్లీ కారుతుందా? లేత్ షాపులో దాన్ని నునుపు చేయించవచ్చా, లేక ఫ్లాంజే మార్చాలా? గాజువాక అన్నా, ఈ పని మీకు తెలిసి ఉంటుంది.