ధర్నాచౌక్‌లో లైవ్ పెట్టడం తప్పా?

గళ్లీ కెమెరా:
పోయిన సోమవారం ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల ధర్నాను రెండు గంటలు లైవ్ ఇచ్చాను. మొహాలు ఎందుకు చూపించావని కామెంట్లలో ఒకటే తిట్లు. నలుగురూ చూడాలనే కదా వాళ్లు రోడ్డు మీద కూర్చుంది?

తార్నాక అక్క:
తిట్టినవాళ్లలో నేనొకదాన్ని. నలుగురూ చూడటం వేరు, నువ్వు ఒక్కొక్కరి దగ్గర ఆగి ఫోన్ మొహం మీద పెట్టడం వేరు. తెలంగాణ పోలీసుల దగ్గర 2018 నుంచే మొహాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, దాని మీద హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. వాళ్ల పని నువ్వే సులువు చేస్తున్నావ్.

విద్యానగర్ లా:
బహిరంగ స్థలంలో జరిగేది ఎవరైనా తీయొచ్చు. ఇందులో చర్చ ఏముంది?

గళ్లీ కెమెరా:
అక్కా, ధర్నాల్లో పోలీసులే వీడియో తీసుకుంటారు. నేను ఆపితే వాళ్లదొక్కటే మిగులుతుంది. 2019 నవంబర్ 9న ఆర్టీసీ కార్మికుల చలో ట్యాంక్‌బండ్‌కి వెళ్లాను. ఆ తోపులాటలో ఎవరో నా ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టారు, పొద్దున్నుంచి తీసిందంతా పోయింది. పక్కన లైవ్ పెట్టినతనిది మాత్రం పోలేదు, అప్పటికే జనం చూసేశారు కాబట్టి. ఆ రోజు నుంచి నేను రికార్డింగ్‌ను నమ్మను.

మెట్టుగూడ:
బ్లర్ చేస్తే సరిపోదా?

తార్నాక అక్క:
లైవ్‌లో బ్లర్ ఎట్లా చేస్తాడు తమ్ముడూ? రికార్డు చేస్తే ఇంటికెళ్లి చేసుకోవచ్చు. లైవ్ అంటే నోరు జారిన మాటే, తర్వాత డిలీట్ కొట్టినా ఎవరో ఒకరు స్క్రీన్ రికార్డ్ చేసుకునే ఉంటారు.

గళ్లీ కెమెరా:
మొహం లేని ధర్నాను ఎవరు నమ్ముతారు? 2025లో కంచ గచ్చిబౌలి గొడవప్పుడు ఏఐ ఫొటోలు తిరిగి, నిజంగా తీసినవాటిని కూడా జనం అనుమానించారు. ఎడిట్ చేస్తే అదే మాట వస్తుంది.

పాత ఉద్యమం:
2011లో మిలియన్ మార్చ్ ఈ లైవ్‌లు లేకుండానే జరిగింది.

గళ్లీ కెమెరా:
అప్పుడు టీవీ వాళ్లంతా వచ్చారు అంకుల్. ఈ ముప్పై మంది కోసం ఏ ఛానెల్ వస్తుంది? ఎండలో నిలబడింది నేను. ఇంట్లో కూర్చుని పోలీసులు, పోలీసులు అని భయపెట్టడం తేలిక.

తార్నాక అక్క:
పోలీసుల సంగతి వదిలెయ్. నీ వీడియోలో ఆకుపచ్చ చున్నీ వేసుకున్నది నా చెల్లెలు. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి, ఇంట్లో కూడా చెప్పకుండా వచ్చింది. రాత్రికి ఆ ముక్క సూపర్‌వైజర్ ఫోన్‌లో ఉంది, తెల్లారేసరికి మా నాన్న వాట్సాప్‌లో ఉంది. రేపటి నుంచి రావొద్దన్నారు. ఒక్క పోలీసు కూడా దాని జోలికి రాలేదు, ఇదంతా మనవాళ్లే చేశారు.

గళ్లీ కెమెరా:
ఆమె నాతో మాట్లాడింది అక్కా. తీయొద్దనలేదు.

తార్నాక అక్క:
లైవ్ అని చెప్పావా?

గళ్లీ కెమెరా:
చెప్పలేదు. అందరూ మాట్లాడుతున్నారని మైకు అటు తిప్పాను. మొత్తం వీడియో మాత్రం తీసేయలేను, 41వ నిమిషంలో తోపులాట ఉంది, వాళ్ల మీద కేసు పడితే చూపించడానికి అదొక్కటే ఉంది. ఆమె ఉన్నంతవరకు కట్ చేస్తాను, ఎక్కడో చెప్పండి.

తార్నాక అక్క:
12 నుంచి 15 దాకా. పక్కన ఇంకో ఇద్దరు అమ్మాయిలున్నారు, వాళ్లను అడిగి చెప్తాను. అప్పటిదాకా మొత్తం ప్రైవేట్‌లో పెట్టు.

విద్యానగర్ లా:
కట్ చేసే ముందు అసలు ఫైల్ కాపీ తీసి దాచు అన్నా. కేసు దాకా వెళ్తే ఎడిట్ చేయనిదే అడుగుతారు.

గళ్లీ కెమెరా:
ప్రైవేట్‌లో పెట్టేశాను.