డాక్టరు లేని ఊళ్లో గోపాలమిత్ర వైద్యం చేస్తే తప్పా?

పరకాల_పాడి:
పశువుల డాక్టర్ల కొరత అనగానే అందరూ కొత్త కాలేజీ కావాలంటారు. మామునూరులో ఉంది, కోరుట్లలో ఉంది, రాజేంద్రనగర్‌లో ఎప్పటినుంచో ఉంది. అయినా మా దగ్గర ఒక్క డాక్టరే రెండు మూడు దవాఖానలు చూస్తాడు. ఊళ్లలో పశువులకు ఎద సూదులు (కృత్రిమ గర్భధారణ) వేసే గోపాలమిత్రలకు, పశుసంవర్ధక పాలిటెక్నిక్ చదివిన పిల్లలకు కొంచెం శిక్షణ ఇచ్చి వైద్యం చేసే హక్కు ఇవ్వాలి. ఎట్లాగూ చేస్తున్నది వాళ్లే. ఏమంటారు?

పశువైద్యుడు_హన్మకొండ:
ఒప్పుకోను. మేం ఐదున్నరేళ్లు ఊరికే చదవలేదు. 1984 కేంద్ర చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన డాక్టరే వైద్యం చేయాలి. డిప్లొమా వాళ్లు డాక్టర్ పర్యవేక్షణలో టీకాలు, గాయాలకు కట్లు లాంటివి చేయొచ్చు, అదీ రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తేనే. పాలజ్వరమే తీసుకోండి. ఈనిన బర్రె మెడ పక్కకు వాల్చి పడిపోతుంది. కాల్షియం ఎక్కించాలని అందరికీ తెలుసు. కానీ నరంలోకి గబగబా ఎక్కిస్తే గుండె ఆగి అక్కడికక్కడే చస్తుంది. గుండె వింటూ మెల్లగా ఎక్కించాలి. చూసి నేర్చుకునే పని కాదిది.

గోపాలమిత్ర_ములుగు:
సార్, ఎన్నో ఏళ్లుగా ఎద సూదులు వేస్తున్నా. కాల్షియం సంగతి మాకూ తెలుసు. సీసా కిందికి దించితే మెల్లగానే పోతుంది.

పశువైద్యుడు_హన్మకొండ:
సీసా ఎత్తు కాదండీ. స్టెతస్కోప్ ఉందా మీ దగ్గర?

గోపాలమిత్ర_ములుగు:
ఉంది.

పశువైద్యుడు_హన్మకొండ:
అందులో వినపడేది ఏమిటో తెలియాలి కదా.

నర్సంపేట_తమ్ముడు:
కాల్షియం వదిలెయ్యండి సార్లూ 🙏

పరకాల_పాడి:
నా సంగతి వినండి. పోయిన చలికాలం మా బర్రె రాత్రిపూట నొప్పులు పడ్డది. దూడ అడ్డం తిరిగింది. డాక్టరుకు ఫోన్ చేస్తే పొద్దున చూద్దామన్నాడు. ఊళ్లో సూదులేసే అతను వచ్చి, చెయ్యి పెట్టి కాళ్లు సవరించి లాగాడు. దూడ పోయింది, తల్లి దక్కింది. లక్ష రూపాయల బర్రె. ఆ రాత్రి నేను చట్టం చదువుకుంటూ కూర్చోవాలా?

పశువైద్యుడు_హన్మకొండ:
మీకు దక్కింది, సంతోషం. దక్కనివి నా దగ్గరికి వస్తాయి. దూడ అడ్డం ఉండగానే నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ సూది పొడిచేస్తారు, గర్భసంచి చిరుగుతుంది. అది చేసిందీ ఊళ్లో సూదులేసే అతనే. ఇక ఏ రోగమైనా అదే యాంటీబయోటిక్, ఆ పూట పాలు నేరుగా పాలకేంద్రానికి. వాటిని తాగేది మీ పిల్లలు కూడా.

పరకాల_పాడి:
మా పిల్లల జోలికి రాకండి. మీ హన్మకొండలో కుక్కపిల్లకు తుమ్మొస్తే ఆదివారం కూడా డాక్టర్ ఉంటాడు. మా బర్రె దగ్గరికి వచ్చేసరికి చట్టం గుర్తొస్తుంది. బాగుంది న్యాయం.

గొర్రెల_మల్లన్న:
మధ్యలో అడుగుతున్నా. గొర్రెలకు చిటుక రోగం టీకా వానలకు ముందా, తర్వాతా?

గోపాలమిత్ర_ములుగు:
ముందే మల్లన్నా. లేత గడ్డి మేశాక పడితే నిలబడనీయదు.

పశువైద్యుడు_హన్మకొండ:
పరకాల గారూ, కుక్కల క్లినిక్ ఎందుకు పెట్టానో తెలుసా? నోటిఫికేషన్ కోసం చూసి చూసి పెట్టాను. నాతో చదివినవాళ్లలో కొందరు కోళ్ల కంపెనీల్లో చేరారు. డాక్టర్లు లేక కాదు, పోస్టులు నింపక ఈ గతి. 5,000 పశువులకు ఒక డాక్టరు ఉండాలని 1976లోనే జాతీయ వ్యవసాయ కమిషన్ చెప్పింది. అది అడగరు. ఇవాళ గోపాలమిత్రకు హక్కు ఇమ్మంటారు, రేపు ప్రభుత్వం ‘వాళ్లున్నారుగా, డాక్టరెందుకు’ అంటుంది. ఆ పోస్టు ఇక ఎప్పటికీ రాదు.

గోపాలమిత్ర_ములుగు:
అట్లా చెప్పండి సార్. ఇంతసేపూ కాల్షియం అని మమ్మల్ని తిప్పారు. మరి మా సంగతి? పర్మినెంట్ కాదు, చేతికొచ్చేది గౌరవ వేతనం. బర్రె లేస్తే డాక్టరు పేరు, పోతే మా మెడకు. నేను హక్కు అడిగేది డాక్టర్ అనిపించుకోవడానికి కాదు. రేపు ఎవరైనా కేసు పెడితే నా చేతిలో ఒక కాగితం ఉండాలి.

పరకాల_పాడి:
మీ ఇద్దరి ఉద్యోగాల మధ్య నా బర్రె ఎక్కడ? నాకు రాత్రి వచ్చే మనిషి కావాలి, అంతే.

నర్సంపేట_తమ్ముడు:
1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ ఉంది కదా అన్నా?

పరకాల_పాడి:
నియోజకవర్గానికి ఒక్క బండి తమ్ముడూ. 2017లో వచ్చినప్పుడు మేమూ సంబరపడ్డాం. దూడ అడ్డం తిరిగితే అది ఎన్ని ఊళ్లు దాటి రావాలి?

పశువైద్యుడు_హన్మకొండ:
రెండు మూడు మండలాలకు కలిపి రాత్రి డ్యూటీకి వంతులవారీగా ఒక డాక్టరు ఉండాలి. ముందుగా గోపాలమిత్ర వెళ్లి వీడియో కాల్ చేస్తాడు, డాక్టరు చెప్పినట్టు చేస్తాడు. పర్యవేక్షణ అంటే అదే. కానీ దానికి ముందు పోస్టులు నింపాలి.

పరకాల_పాడి:
నింపేదాకా?

పశువైద్యుడు_హన్మకొండ:
నింపేదాకా కూడా ఆక్సిటోసిన్ ముట్టొద్దు.

గోపాలమిత్ర_ములుగు:
నేనెప్పుడు ముట్టాను సార్?