పయోగ్లిటాజోన్ గుండెకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

ప్రశ్న:
మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో చక్కెర అదుపులోకి రాకపోవడంతో మా నాన్నగారికి డాక్టరుగారు పయోగ్లిటాజోన్ 15 మిల్లీగ్రాములు కలిపారు. ఇది రక్తనాళాలకు మంచిదని ఆయన అన్నారు, కానీ మందుతో వచ్చిన కాగితంలో గుండె వైఫల్యం గురించి హెచ్చరిక ఉంది. రెండూ నిజమెలా అవుతాయండీ?

జవాబు 1:
రెండూ నిజమేనండి. గుండెపోటు రక్తనాళం మూసుకుపోవడం వల్ల వస్తుంది. వైఫల్యమంటే గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేకపోవడం. ఈ మందును పరీక్షించి 2005లో వెలువడిన ప్రోయాక్టివ్ అధ్యయనంలో, అప్పటికే రక్తనాళాల జబ్బున్న 5,238 మంది మధుమేహ రోగులను పరిశీలించినప్పుడు, ముందుగా చూడాలనుకున్న ప్రధాన ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు గానీ, మరణాలు, గుండెపోట్లు, పక్షవాతాలు కలిపి లెక్కిస్తే 16 శాతం తగ్గాయి. ప్రధాన ఫలితంలో తేడా లేనప్పుడు ఈ రెండో లెక్కను ఎంత నమ్మాలన్నది ఇప్పటికీ వాదనే. వైఫల్యం కేసులు మాత్రం పెరిగాయి, ఎందుకంటే ఈ మందు వల్ల మూత్రపిండాలు ఉప్పును, నీటిని ఒంట్లోనే నిలిపేస్తాయి.

జవాబు 2:
అందుకే గుండె వైఫల్యం తీవ్రంగా ఉన్నవారికి దీన్ని మొదలుపెట్టరు; ఇన్సులిన్ కూడా తీసుకునేవారిలో వాపు ఎక్కువ. సాయంత్రం మేజోళ్లు విప్పాక చీలమండ దగ్గర గాడి లోతుగా పడుతోందా, కొద్ది రోజుల్లోనే బరువు పెరిగిందా, పడుకుంటే ఆయాసం వస్తోందా అన్నది గమనించండి. వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

జవాబు 3:
నాన్నగారికి ఇప్పటికే గుండె బలహీనంగా ఉంటే, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మరో మధుమేహ మందు కుదురుతుందేమో అడగండి. అది వైఫల్యంతో ఆసుపత్రిలో చేరే అవసరాన్ని తగ్గిస్తుంది.