గ్రీకు నౌకాదళ అడ్మిరల్ కుందురియోటిస్ గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్తారా?

నేను సరుకు ఓడలో పనిచేస్తాను. మొన్న గ్రీసులోని పిరేయస్ రేవులో ఆగినప్పుడు ఖాళీ దొరికితే, ఫాలిరోలో మ్యూజియంగా ఉంచిన 'అవెరోఫ్' యుద్ధనౌక చూసొచ్చాను. ఆ ఇనుప మెట్లెక్కి ఫిరంగుల పక్కన నిలబడ్డప్పటి నుంచీ దాన్ని నడిపించిన పావ్లోస్ కుందురియోటిస్ నా బుర్రలోంచి పోవడం లేదు.

1855లో హైడ్రా దీవిలో పుట్టాడు. 1912లో ఎల్లీ యుద్ధంలో, 57 ఏళ్ల వయసులో, మిగతా పాత నౌకలు నెమ్మదిగా వస్తుంటే వాటిని వదిలేసి అవెరోఫ్ ఒక్కదాన్నే టర్కీ నౌకల మీదికి ఉరికించాడు. ధైర్యమా, మొండితనమా? నాకైతే రెండూ అనిపిస్తుంది. వచ్చే నెలలోనే లెమ్నోస్ దీవి దగ్గర మళ్లీ గెలిచాడు.

ఇక నా సందేహాలు. ఎల్లీ యుద్ధం డిసెంబర్ 3 అని ఒకచోట, 16 అని ఇంకోచోట ఉంది. గ్రీసులో 1923 దాకా పాత (జూలియన్) క్యాలెండరే కాబట్టి ఈ 13 రోజుల తేడా అనుకుంటున్నా, కరెక్టేనా? తెలుగులో రాసేటప్పుడు ఏది వాడాలి?

అసలు చిక్కు వేరే ఉంది. రాజుగారి నౌకాదళంలో పెరిగిన మనిషి 1916లో అప్పటి రాజు కాన్‌స్టంటైన్‌నే కాదని, ఆయనకు ఎదురు తిరిగిన మాజీ ప్రధాని వెనిజెలోస్ వైపు ఎందుకు వెళ్లాడు? 1920లో రాజు అలెగ్జాండర్ కోతి కరిచి చనిపోతే కొన్నాళ్లు రాజప్రతినిధిగా ఉన్నాడు. 1924లో ఏకంగా రిపబ్లిక్‌కి అధ్యక్షుడు! ఈ మలుపులు వివరించే ఇంగ్లిష్ పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి, గ్రీకు నాకు రాదు.