పేరు నమోదు శిక్ష కిందికి వస్తుందా? అమెరికా లైంగిక నేరస్తుల రిజిస్ట్రీపై చర్చ

న్యాయవిద్యార్థి:
నేరం జరిగిన నాటికి లేని శిక్షను తర్వాత చేసిన చట్టంతో విధించరాదని అమెరికా రాజ్యాంగం చెబుతోంది. మన రాజ్యాంగంలో 20(1) అధికరణ చెప్పేదీ అదే. అయినా 2003లో అలాస్కా కేసులో, ఆ రాష్ట్ర చట్టం రాకముందే శిక్ష పూర్తిచేసుకుని 1990లో విడుదలైన ఇద్దరికి కూడా లైంగిక నేరస్తుల నమోదు చట్టం (నేరస్తుల పేరు, చిరునామా వంటి వివరాలను పోలీసుల దగ్గర నమోదు చేయించి ప్రజలకు తెలిపే చట్టం) వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో తీర్పు చెప్పింది. నమోదు శిక్ష కాదనీ, ప్రజల రక్షణ కోసం చేసిన ఏర్పాటు మాత్రమేననీ ఆ తీర్పు సారాంశం. ఈ వాదన నిలుస్తుందా? సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

ఇద్దరు పిల్లల తల్లి:
నిలుస్తుంది. నేను న్యూజెర్సీలో ఉంటాను. 1994లో ఇక్కడ ఏడేళ్ల పాపను ఎదురింట్లో ఉండే మనిషి చంపాడు. పిల్లలపై లైంగిక నేరాలకు అతనికి అంతకుముందే శిక్ష పడిందని ఆ పాప తల్లిదండ్రులకు తెలియదు. తెలిసి ఉంటే బిడ్డను కాపాడుకునేవాళ్లమన్న వారి ఆవేదన నుంచే ఈ రాష్ట్రంలోనూ, 1996లో దేశమంతటికీ చట్టం వచ్చింది. కోర్టులో బహిరంగంగా రుజువైన నేరాన్ని ప్రజలకు చెప్పడం శిక్ష ఎలా అవుతుంది?

పాత వకీలు:
అమ్మా, మీ భయాన్ని నేను కాదనను. కానీ అలాస్కా తీర్పు ఏ ఆధారం మీద నిలిచిందో, ఆ ఆధారం తర్వాత ఏమైందో చూడాలి. నమోదైనవారు ఇతరుల్లాగే నచ్చిన చోట ఉండవచ్చనీ, పనిచేసుకోవచ్చనీ, వివరాలు మారిన ప్రతిసారీ స్వయంగా హాజరు కానక్కరలేదనీ మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కెనడీ అందులో పేర్కొన్నారు. 2003 నాటి అలాస్కా చట్టానికి అది సరిపోయి ఉండవచ్చు. మిషిగన్ మాత్రం 2006లో బడికి వెయ్యి అడుగుల లోపు నివసించరాదు, పనిచేయరాదు అని చేర్చింది. 2011లో చిన్న చిన్న మార్పులకు కూడా రోజుల వ్యవధిలో స్వయంగా వచ్చి చెప్పాలంది. మనుషులను వర్గాలుగా విడగొట్టి, ఆ వర్గాన్ని ఒక్కొక్కరి ప్రమాదస్థాయిని పరిశీలించకుండా కేవలం నేరాన్ని బట్టి నిర్ణయించింది. ఇది సమాచారం ఇవ్వడం దాటి మనిషి కదలికలను కట్టడి చేయడమే. అందుకే 2016లో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (మిషిగన్ కేసులు అప్పీలుకు వెళ్లే కేంద్ర కోర్టు), పాత నేరాలకు ఈ సవరణలను వర్తింపజేయడం శిక్షేనని తేల్చింది. ఆ తీర్పును సమీక్షించడానికి సుప్రీంకోర్టు 2017లో నిరాకరించింది.

నన్ను ఎక్కువగా బాధించే విషయం మరొకటి ఉంది. ఈ నేరస్తులు మళ్లీ నేరం చేసే ప్రమాదం ‘భయంకరమైనంత ఎక్కువ’ అన్న మాట అలాస్కా తీర్పులో కనిపిస్తుంది. అది అంతకు ముందు ఏడాది మరో కేసులో అదే న్యాయమూర్తి రాసిన మాట. చికిత్స పొందనివారిలో 80 శాతం దాకా అన్న అంచనా కూడా ఆ కేసులోనే ఉంది. దాని మూలం వెతికితే, 1986లో ఒక సాధారణ మనస్తత్వ పత్రికలో ఒక చికిత్సకుడు ఏ లెక్కలూ చూపకుండా రాసిన వాక్యం దగ్గర తేలింది. అదే 2003 చివరలో అమెరికా న్యాయశాఖ, 1994లో 15 రాష్ట్రాల్లో విడుదలైన 9,691 మంది పురుషులను పరిశీలించి, మూడేళ్లలోపు కొత్త లైంగిక నేరంలో అరెస్టయినవారు 5.3 శాతమని చెప్పింది. జీవితకాలపు ముద్రకు ఇంత బలహీనమైన అంచనా ఆధారం కావడం న్యాయవ్యవస్థకు గౌరవం కాదు.

ఇద్దరు పిల్లల తల్లి:
ఆ 5.3 అరెస్టుల లెక్క మాత్రమేనండి. పిల్లలపై జరిగే ఇలాంటి నేరాల్లో చాలా భాగం పోలీసుల దాకా వెళ్లవని మీకూ తెలుసు. వెయ్యి అడుగుల నిబంధనపై మీ మాట ఒప్పుకుంటాను. దాన్ని నేనూ సమర్థించను. అయితే వర్గీకరణకు ముందు ఒక్కొక్కరినీ విచారించాలన్న వాదనను సుప్రీంకోర్టు 2003లోనే కనెక్టికట్ కేసులో ఏకగ్రీవంగా తిరస్కరించింది కదా? చట్టం నేరం రుజువైందా లేదా అన్నదే చూస్తున్నప్పుడు ప్రమాదంపై విచారణ అవసరం లేదన్నారు.

పాత వకీలు:
నిజమే, ఆ తీర్పు ఇప్పటికీ చెల్లుతుంది. కాకపోతే అదే సుప్రీంకోర్టు 2017లో, నమోదైనవారు పిల్లలకు ఖాతాలుండే సోషల్ మీడియా సైట్లలోకి వెళ్లడమే నేరమన్న నార్త్ కరోలినా చట్టాన్ని 8–0తో కొట్టేసింది. శిక్ష పూర్తయిన మనిషికీ భావప్రకటనా స్వేచ్ఛ ఉంటుందని చెప్పినట్లే కదా.

న్యాయవిద్యార్థి:
మన దగ్గర 2018లో జాతీయ నేర గణాంకాల సంస్థ నిర్వహణలో కేంద్ర హోంశాఖ ఇలాంటి పట్టికను ప్రారంభించింది. అది పోలీసు, దర్యాప్తు సంస్థలకే తెరుచుకుంటుంది, ప్రజలకు కాదు. మీరిద్దరూ వెయ్యి అడుగుల దగ్గర కలిశారు కాబట్టి అడుగుతున్నాను: పట్టికను ఉంచి, అందులోంచి బయటపడే దారి కూడా ఉంచితే?

పాత వకీలు:
బ్రిటన్ సుప్రీంకోర్టు 2010లో అడిగింది అదే. నమోదును అది తప్పుపట్టలేదు. సమీక్షకు అవకాశమే లేని జీవితకాల నమోదు మానవ హక్కులకు విరుద్ధమంది. ఆ తర్వాత ఇంగ్లండులో, దోషిగా తేలే నాటికి వయోజనులైనవారు విడుదలైన పదిహేనేళ్లకు పోలీసులకు దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించారు.

ఇద్దరు పిల్లల తల్లి:
ఆ దరఖాస్తును పరిశీలించేటప్పుడు బాధితుల మాట కూడా వింటామంటే, నాకు అభ్యంతరం లేదు.