లేఅవుట్‌లో పార్కు స్థలం లీజుకిచ్చేశారు, అద్దెకుండేవాడు రిట్ వేయొచ్చా?

కొండవాలు:
మధురవాడ వైపు పాత లేఅవుట్ మాది. ప్లాన్‌లో పార్కు అని చూపించిన స్థలంలో పోయిన వారం నుంచి ఇనుప స్తంభాలు పాతుతున్నారు. అడిగితే ఒక ప్రభుత్వ ఆఫీసు లీజుకిచ్చిందంటారు, కాగితం మాత్రం చూపించరు. ఈ చుట్టుపక్కల పిల్లలు ఆడుకోవడానికి ఉన్నది ఆ ఒక్క స్థలమే. నేను అద్దెకుంటున్నాను, నా పేరున ప్లాటు లేదు. కాలనీ సంఘం ఉంది గానీ దానికి రిజిస్ట్రేషన్ లేదు. నీకేం సంబంధం అని కోర్టు అంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వం చేసిన తప్పు సరిచేయమని అడిగే పిటిషన్, ఎవరు వేయొచ్చు, ఎలా వేయాలి, ప్రతి వాయిదాకీ అమరావతి వెళ్లాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకోటు:
సంబంధం ఎందుకు లేదండీ, ఉంది. ఇలాంటి కేసే బెంగళూరు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, బెంగళూర్ మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప, 1991 తీర్పు. పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి కేటాయిస్తే ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లు కోర్టుకెక్కారు. అడగడానికి వీళ్లెవరని అవతలివాళ్లు వాదించారు. పార్కు పోతే నష్టపోయేది అక్కడ ఉండేవాళ్లే కాబట్టి అడిగే హక్కు వాళ్లకుందని చెప్పి, ఆ కేటాయింపు చెల్లదంది కోర్టు. మీ లాయరుకి ముందు ఈ తీర్పు చూపించండి. అద్దెకున్నా మీరు ఆ కాలనీ మనిషే, అయినా ఇద్దరు ముగ్గురు ఇళ్ల ఓనర్లను కూడా పిటిషనర్లుగా చేరిస్తే ఆ వాదనకి చోటే ఉండదు. రిజిస్ట్రేషన్ లేని సంఘం కూడా రిట్ వేయొచ్చని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది గానీ, నన్నడిగితే మనుషుల పేర్లతో వేయడమే మేలు.

ఇంకోటి, దీన్ని పిల్‌గా, అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా వేయకండి. నష్టం నేరుగా మీకే జరుగుతోంది, రాజ్యాంగం 226 అధికరణ కింద మామూలు రిట్ సరిపోతుంది. తమ గోడు తాము చెప్పుకోలేనివాళ్ల తరఫున ఎవరైనా రావొచ్చని 1981లో ఎస్పీ గుప్తా కేసు తలుపు తెరిచింది, నిజమే. మన అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్లో మైనింగ్ లీజుల మీద పోరాడి 1997లో సుప్రీంకోర్టులో గెలిచింది కూడా సమత అనే స్వచ్ఛంద సంస్థే. కానీ పిల్ అనగానే వేసినవాళ్లెవరు, వాళ్ల ఉద్దేశమేంటి అని కోర్టు గట్టిగా చూస్తుంది, 2010లో బల్వంత్ సింగ్ చౌఫాల్ తీర్పు తర్వాత మరీనూ.

ఉక్కునగరం:
లాయర్ దగ్గరికి వెళ్లే ముందు అర్జీ పెట్టండి. మా కాలనీ రోడ్డు గొడవప్పుడు నేను దగ్గరుండి చూశాను, నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఒక్కటీ లెక్కలోకి రాలేదు. లీజు ఎవరిచ్చారంటున్నారో ఆ ఆఫీసుకే రాయండి, రెండు కాపీలు పట్టుకెళ్లి ఇన్‌వర్డ్‌లో ఒకటిచ్చి, మీ కాపీ మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. వాళ్లు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో కూడా ఒకటి ఇవ్వండి. అదే రోజు ఆర్టీఐ వేసి లీజు ఆర్డరు, ఆమోదించిన లేఅవుట్ ప్లాన్ అడగండి. ఫీజు 10 రూపాయలే, 30 రోజుల్లో జవాబివ్వాలి. స్తంభాల ఫోటోలు రోజూ తీస్తూ ఉండండి.

కొండవాలు:
చాలా థ్యాంక్సండీ. మరి ఆ 30 రోజులూ ఆగితే షెడ్డు లేచిపోతుంది కదా? సివిల్ కేసు వేయాలంటే ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలని కూడా ఎవరో అన్నారు.

నల్లకోటు:
ఆగకండి. ఆ రెండు నెలల నోటీసు సివిల్ దావాకి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద. రిట్‌కి అది అక్కర్లేదు. రిట్‌కి ఇన్ని రోజుల్లో వేయాలని చట్టంలో గడువు లేదు గానీ, కట్టడం పూర్తయ్యాక వెళితే ఇన్నాళ్లూ ఏం చేశారని మొదట అదే అడుగుతారు. అర్జీ ఇచ్చి కొద్ది రోజులు చూసి కదలిక లేకపోతే వేసేయండి, ఆర్టీఐ జవాబు తర్వాత వచ్చినా జత చేయొచ్చు.

మీ తరఫున వాదించడానికి లాయరుకి వకాలత్ ఇవ్వాలి, జరిగిందంతా తేదీలవారీగా అఫిడవిట్‌లో, అంటే ప్రమాణ పత్రంలో రాయాలి. ఆ అఫిడవిట్ మీద వైజాగ్‌లోనే ప్రమాణం చేసి సంతకం పెట్టొచ్చు, దానికోసం రత్నాచల్ రైలు ఎక్కక్కర్లేదు. లీజుకిచ్చిన శాఖతో పాటు లీజు తీసుకున్నవాళ్లను కూడా ప్రతివాదులుగా పెట్టాలి, వాళ్లను వదిలేస్తే పిటిషన్ అక్కడే దెబ్బతింటుంది. పని ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోసం అందులోనే ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేస్తారు, కాగితాల సెట్ ఒకటి ముందే ప్రభుత్వం తరఫు లాయరైన గవర్నమెంట్ ప్లీడర్‌కి ఇస్తారు. కోర్టు ఆఫీసు (రిజిస్ట్రీ) అభ్యంతరాలు పెడితే సరిచేశాక నంబరు పడి సింగిల్ జడ్జి ముందుకొస్తుంది. మొదటి రోజు అసలు పోరాటం ఆ ఐఏ మీదే. మిమ్మల్ని ప్రత్యేకంగా రమ్మంటే తప్ప వాయిదాలకి లాయరు వెళితే చాలు, కేసు ఎంతవరకొచ్చిందో మీరు ఫోన్లో ఈకోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు. సింగిల్ జడ్జి కాదంటే ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచికి రిట్ అప్పీల్ ఉంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మీ సంఘంలో ఎవరైనా ఇదే స్థలం మీద ఇదివరకే సివిల్ కోర్టుకి వెళ్లి ఉంటే అది దాచకండి. దాచినట్టు తేలితే అసలు విషయంలోకి వెళ్లకుండానే కొట్టేస్తారు. అవతలివాళ్లు ఈ స్థలం పార్కే కాదు, మా సొంతం అని పత్రాలు చూపిస్తే అది టైటిల్ తగాదా, అంటే స్థలం ఎవరిదనే తగాదా అవుతుంది, సివిల్ కోర్టుకి పొమ్మంటారు. అందుకే ఆమోదించిన ప్లాన్ సర్టిఫైడ్ కాపీ అంత ముఖ్యం, ఇంకేదీ దొరక్కపోయినా అది ముందు సంపాదించండి.